అరవై ఒక్కమంది మొదటివాళ్ళు

ఒక మహాదేశం ఒక చిన్నదేశాన్ని కాపాడాలని నిశ్చయించుకుంటే ముందుగా పంపేది సైన్యాన్ని కాదు, ఫారాన్ని. 1967లో అమెరికా మెకాంగ్ డెల్టాలోని పల్లెలకు నెలనెలా ఒక ఫారం పంపింది. అందులో పద్దెనిమిది ప్రశ్నలు. జవాబులు రాజధాని సైగాన్‌లో పల్లె మనసుల కొలతల కార్యాలయానికి వెళ్తాయి. అక్కడి కంప్యూటర్ వాటిని జీర్ణం చేసుకుని, పటం మీద పల్లెకు ఒక చుక్క పెడుతుంది. ఆకుపచ్చ చుక్క అంటే పల్లె సర్కారు వైపు ఉన్నట్టు. ఎర్రచుక్క అంటే గెరిల్లాల వైపు. ఎర్రచుక్క పడిన పల్లెను ఖాళీ చేయించి, జనాన్ని ముళ్ళకంచె లోపలి రేకుల షెడ్లలోకి తోలతారు. (జనం మనసు గెలవడానికి ఇంతకంటే మంచి దారి కార్యాలయానికి తోచలేదు.)

రాచ్ లా పల్లె పెద్ద బేన్ ఏడు నెలలుగా ఎటూ కాని పసుపు చుక్కతో నెట్టుకొస్తున్నాడు. ఆకుపచ్చ వస్తే గెరిల్లాలు ఎందుకొచ్చిందని అడగడానికి వస్తారు. పసుపైతే రెండు పక్షాలూ కాస్త అలిగి, కాస్త దూరంగా ఉంటాయి.

ఆగస్టులో ప్రూయిట్ అనే కొత్త కెప్టెన్ వచ్చాడు. వెంట ద్వాన్ అనే దుబాసీ. ద్వాన్‌ది ఉత్తరాది. కెప్టెన్ శ్రద్ధగల మనిషి. పద్దెనిమిది ప్రశ్నలూ అయ్యాక తన సొంత ప్రశ్న ఒకటి అడిగాడు.

"నీకు పిల్లలెంతమంది?"

"ఒక్కడేనండీ. రెండోవాడు," అన్నాడు బేన్.

"మొదటివాడు?"

"మొదటివాడు లేడండీ."

"ఎటు వెళ్ళాడు?"

"ఎటూ వెళ్ళలేదండీ. అసలు లేడు."

డెల్టాలో పిల్లల్ని వరస లెక్కతో పిలుస్తారు. ఆ లెక్క రెండుతో మొదలవుతుంది. తొలిచూలును మొదటివాడంటే దయ్యాల కన్ను పడుతుందని కొందరు, ఆ పేరు రాజుగారి బిడ్డకే చెల్లుతుందని కొందరు చెబుతారు. ఐదో సంతానమైన బేన్ ఊరందరికీ ఆరో బాబాయి. అతని ఒక్కగానొక్క కొడుకు రెండోవాడు. పద్దెనిమిదేళ్ళు. బాతులు పెంచుతాడు. ఒక్కడే కొడుకు కాబట్టి సర్కారు సైన్యంలో చేరనక్కర్లేదని జిల్లా కార్యాలయం కాగితం ఇచ్చింది. బేన్ భార్య దాన్ని పూర్వీకుల పీఠం మీద, అగరొత్తుల పక్కన పెట్టింది.

కెప్టెన్ అరవై ఒక్క ఇళ్ళూ తిరిగాడు. అన్నిచోట్లా రెండోవాడో రెండోదో ఉన్నారు. మొదటివాడు ఒక్క ఇంట్లోనూ లేడు. (ముందే కూడబలుక్కోకపోతే ఒక పల్లె ఇంత ఏకకంఠంతో మాట్లాడదని, మొదటివాళ్ళంతా అడవిలో గెరిల్లాలతో ఉండి ఉంటారని నివేదికలో రాశాడు.)

"ఒరే ఆరూ," అంది పక్కింటి ఎనిమిదో పెద్దమ్మ, తమలపాకు నములుతూ. "మా అమ్మ నన్ను ఏడో కాన్పులో కని ఎనిమిదోదాన్ని చేసింది. ఆ దొరకు అమ్మ లెక్క కావాలో, మంత్రసాని లెక్క కావాలో అడుగు."

బేన్ ద్వాన్‌ను పక్కకు పిలిచాడు. "తమ్ముడూ, నువ్వైనా చెప్పకూడదా?"

"చెప్పానన్నా. మీ ఉత్తరాదిన ఏమని పిలుస్తారన్నాడు. మేం పెద్దవాణ్ణి పెద్దవాడనే అంటాం అన్నాను. మరి అక్కడ ఉన్నవాళ్ళు ఇక్కడెందుకు లేరన్నాడు."

సైగాన్ కంప్యూటర్ అరవై ఒక్కమందిని డెల్టా మొత్తానికి హెచ్చించింది. ఎనిమిది లక్షలమంది మొదటివాళ్ళు అడవిలో ఉన్నట్టు తేలింది. వాషింగ్టన్ మరో రెండు డివిజన్ల సైన్యం పంపింది. (గెరిల్లాలు తగ్గారని పోయిన నెల నివేదిక వచ్చినప్పుడు, గెలుపు దగ్గరపడింది కాబట్టి ఒక డివిజనే పంపారు.) యుద్ధం వద్దని అక్కడి విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. వాళ్ళకూ ఒక ఫారం వెళ్ళింది, వచ్చి యుద్ధంలో చేరమని.

రాచ్ లాకు ఎర్రచుక్క పడింది. పదిహేను రోజుల్లో ఊరు ఖాళీ చేయాలి. ఫారంలో పంతొమ్మిదో ప్రశ్న చేరింది: మొదటివాడు ఎక్కడ?

బేన్ కెప్టెన్ దగ్గరికి పరుగెత్తాడు. కెప్టెన్ దయగలవాడు. నిబంధనలు తిరగేసి దారి చూపించాడు. అడవికి పోయినవాడు తిరిగొచ్చి లొంగిపోతే చుక్క మారుతుంది. లొంగుబాటు పత్రం మీద ఇంటి పెద్ద సంతకం చేస్తే చాలు.

బేన్ ఇంటికొచ్చి, లేనివాణ్ణి ఎక్కణ్ణుంచి తేవాలని తల పట్టుకున్నాడు. భార్య మాత్రం చేపల పులుసు కలుపుతూ, "లేనివాడు వెళ్ళగలిగాడంటే తిరిగి రాలేడా?" అంది.

అరవై ఒక్కమందీ మర్నాడే తిరిగొచ్చారు. పత్రాలన్నీ బేనే నింపాడు. వయసు దగ్గర రెండోవాడి వయసుకు రెండేళ్ళు కలిపాడు. ఫొటో గడిలో 'సిగ్గుపడుతున్నాడు' అని రాశాడు. తన ఇంటి పత్రం మీద తనే సంతకం పెట్టాడు. చుక్క పసుపును దాటి ఏకంగా ఆకుపచ్చ అయింది. కెప్టెన్‌కు పతకం వచ్చింది. ఊరు ఉన్నచోటే ఉంది.

పదో రోజున జిల్లా కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. రెండోవాడికి అన్న తిరిగొచ్చాడు కాబట్టి అతను ఇక ఒక్కగానొక్క కొడుకు కాడు. సోమవారం సైన్యంలో హాజరు కావాలి. ఒక్క కొడుకే ఉన్న మరో ఇరవై రెండు ఇళ్ళకూ అదే ఉత్తరం వచ్చింది.

బేన్ కార్యాలయానికి వెళ్ళి, "వాడికి అన్న లేడండీ," అన్నాడు.

గుమాస్తా పత్రం తీసి చూపించాడు. "ఈ సంతకం నీదేనా బాబాయ్?"

"నాదే."

"అయితే అన్న ఉన్నాడు. నువ్వు ఇంట్లో సరిగ్గా చూసుండవు."

ఆదివారం మధ్యాహ్నం రెండోవాడు అన్నం తిని, చెయ్యి కడుక్కున్నాడు. "బాతులకు తవుడు తడిపి పెట్టు నాన్నా," అన్నాడు. పడవెక్కి కాలువ దాటి, అవతలి అడవిలోకి వెళ్ళాడు. సాయంత్రంలోగా మిగతా ఇరవై రెండు ఇళ్ళ పడవలూ అటే వెళ్ళాయి.

సెప్టెంబరు ఫారం పట్టుకుని కెప్టెన్ వచ్చాడు. బేన్ భార్య టీ పోసింది. పద్దెనిమిది ప్రశ్నలూ అయ్యాయి.

"మొదటివాడు ఎక్కడ?" అన్నాడు కెప్టెన్.

"ఇంట్లోనే ఉన్నాడండీ," అన్నాడు బేన్.

ద్వాన్ కాలువ వైపు చూసి, అనువదించాడు. కెప్టెన్ రాసుకుని, ఫారం మడిచాడు. రెండోవాడి గురించి అందులో ప్రశ్న లేదు.