మనవాడే!

వైద్యవిద్యలో పలుకుబడి పనికిరాదని ఈమధ్య కొందరు గొంతు చించుకుంటున్నారు. తప్పు! పలుకుబడి ఉండి తీరాలి. ఈ మాట అంటున్నది అల్లాటప్పా మనిషి కాదు. కేవలం పలుకుబడితో పశువైద్యుడైనవాణ్ణి.

మా కాలేజీలో పెద్ద ప్రొఫెసరు మా మేనమామే. ఆవు చూడిదో కాదో తెలియాలంటే భుజం దాకా గ్లవ్సు తొడుక్కుని వెనకనుంచి చెయ్యి పెట్టి చూడాలి. అందరూ షెడ్డులో వరుస కట్టేవారు. "మనవాడు. వాణ్ణి పక్కన నుంచోనీండి" అనేవారు మామయ్య. నా వంతు ఆవులు కూడా మా క్లాసులో పొడుగోడని పిలిచే కుర్రాడికి పడేవి. వాడికి కాలేజీలో నా అన్నవాళ్లు లేరు మరి! ఏడాది తిరిగేసరికి వాడికి పని చేతికి పట్టుబడింది. నా చొక్కా ఇస్త్రీ మాత్రం నలగలేదు. ఎవరు బాగుపడ్డట్టు?

పరీక్షలో ఒక పశువు ముందు నన్ను నిలబెట్టారు. చాలాసేపు ఆలోచించి "మూడో నెల చూడి" అన్నాను. అది ఎద్దు.

"పాపం, కంగారుపడ్డాడు" అన్నారు మామయ్య. ప్యాసు!

పొడుగోడు సరిగ్గానే చెప్పాడు గానీ ఇంగ్లీషులో చెప్పమనేసరికి తడబడ్డాడు. "కంగారుపడేవాడు డాక్టరెలా అవుతాడయ్యా?" అన్నారు అదే మామయ్య. ఫెయిలు! కంగారు ఒకటే. మనవాడికొస్తే సున్నితం, కానివాడికొస్తే చేతకానితనం. ఇంత సూక్ష్మమైన రోగనిర్ధారణ ఏ శాస్త్రంలో ఉంది?

ఇప్పుడు ఏసీ క్లినిక్కులో కుక్కపిల్లల గోళ్లు కత్తిరిస్తున్నాను. నన్ను చూడగానే అవి బల్ల కిందకి దూరతాయి. గౌరవం!

మనుషుల డాక్టర్లకీ ఇదే పద్ధతి అయినందుకు మనమంతా సంతోషించాలి. తండ్రి కొన్న సీటు, మామగారు కట్టించిన ఆపరేషన్ థియేటరు. మధ్యలో చదువు అనే అడ్డంకి లేదు!

ఈ ఉదయం మా అమ్మాయికి కడుపునొప్పి వచ్చింది. ఆస్పత్రికి తీసుకొస్తే అపెండిక్సు, వెంటనే ఆపరేషన్ అన్నారు. స్ట్రెచరు మీద పిల్ల నా వేలు వదలదు. "నాన్నా, నువ్వూ డాక్టరువేగా, నువ్వే చెయ్యి" అంటుంది.

"భయపడకండి సార్" అంది నర్సు. "చేసేది మా పెద్ద డాక్టరుగారి అల్లుడు. మీ మామయ్యగారికీ బాగా తెలుసట. మనవాడే!"

స్ట్రెచరును రెండు చేతులా పట్టుకుని ఆపేశాను.

"ఏంటండీ అలా అయిపోయారు? మనవాడేనటగా?" అంది మా ఆవిడ.

"అందుకేనే!" అన్నాను. భయమేసింది. నిజంగా భయమేసింది.

నర్సును పక్కకు పిలిచాను. "అమ్మా, ఎవరి అల్లుడూ కాని డాక్టరు ఒక్కరైనా లేరా?"

"ఒకాయన ఉన్నారు సార్. చెయ్యి చాలా మంచిది. కానీ థియేటరు ఆయనకివ్వరు. కింద ఓపీలో చీటీలు రాస్తుంటారు."

ఇదంతా థియేటరు బయట వరండాలో కూర్చునే రాస్తున్నాను. ఎవరూ లేని ఆ డాక్టరును పైకి పిలిపించాలంటే గట్టి పలుకుబడి కావాలట. మీకు లోపల ఎవరైనా తెలుసా? త్వరగా చెప్పండి, పిల్లను తీసుకెళ్తున్నారు!