మా ఇంటిని నేనే ఎత్తిన వైనం

మనిషికి పుచ్చిపోయిన ఇల్లు చేసినంత మేలు ఈ లోకంలో ఇంకేదీ చేయదు! నవ్వకండి. నేను యాభై ఆరేళ్ళవాణ్ణి, బడిపిల్లలకు భూగోళం చెప్పేవాణ్ణి, ఊరికే మాట తూలేవాణ్ణి కాను. ఐదేళ్ళ కిందట మా చలిదేశంలో వార్మ్‌లాండ్ అనే అడవిసీమలో, సరస్సు ఒడ్డున, నూట ముప్ఫై ఏళ్ళనాటి ఎర్రరంగు దుంగల ఇల్లు ఒకటి కొన్నాను. అప్పటినుంచి నాకు జిమ్ అక్కర్లేదు, యోగా అక్కర్లేదు, సెలవులకు ఎక్కడికి వెళ్దామన్న చర్చ అసలే అక్కర్లేదు. డాక్టరు వద్దన్న పనులన్నీ ఒకే కప్పు కింద దొరుకుతున్నాయి. ఇంతకన్నా ఏం కావాలి?

కొన్న రోజునే మా ఆవిడ మార్గిట్ చేతిలోంచి వంటింటి గుమ్మం దగ్గర ఒక బంగాళాదుంప జారిపడింది. అది నింపాదిగా దొర్లుకుంటూ గది మొత్తం దాటి పొయ్యి కింద దూరింది.

“సిక్స్‌టెన్, ఈ ఇల్లు ఒరిగింది” అంది.

“ఒరగలేదు. పాత ఇళ్ళకు ఒక వ్యక్తిత్వం ఉంటుంది” అన్నాను.

“బంగాళాదుంపకు తెలిసినపాటి కూడా నీకు తెలియదన్నమాట.”

ఇలాంటి మాటలకు నేను జడిసేవాణ్ణి కాను. మనిషన్నాక తన ఇల్లు తానే బాగుచేసుకోవాలి. మేస్త్రీలను పెట్టి చేయించుకుంటే అది వాళ్ళ ఇల్లవుతుంది గానీ మన ఇల్లెలా అవుతుంది?

మొదటి వేసవిలో అటక మీద ఏముందో చూద్దామని పడగ్గది పైకప్పు చెక్క ఒకటి ఊడదీశాను. చలి ఆగడానికి పూర్వీకులు పోసిన రంపపు పొట్టు, అందులో కాపురాలు చేసి వెళ్ళిపోయిన ఎలుకల సామాను, అంతా నా నెత్తిన పడ్డాయి. ఆ ఒక్క గదిదే ఆగస్టు దాకా ఎత్తిపోశాను. రెండో వేసవి గోడ కాగితాలది. ఏడు పొరలు! ఏడో దాని కింద పాత వార్తాపత్రికలు అంటించి ఉన్నాయి. ఒకచోట, తెల్ల మచ్చల ఆవు తప్పిపోయింది, కనబడితే చెప్పగలరు అని ప్రకటన. ఆ ఆవు దొరికిందో లేదో తెలియకపోతే నాకు నిద్ర పడుతుందా? మిగతా మూడు గోడలూ గీకాను. దొరకలేదు.

మూడో వేసవి కిటికీలకు అవిసెనూనె రంగు వేశాను. రెండు పూతలు. ఎంత శ్రద్ధగా వేశానంటే రెక్కలూ చట్రమూ అతుక్కుని ఒకే చెక్క అయిపోయాయి. తెరుచుకోవు. అందుకు నేను బాధపడ్డానా? మా ఇంట్లోకి దోమ రాదు! ఆ ఏడు మా చుట్టుపక్కల అలా చెప్పుకోగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

నాలుగో వేసవిలో, అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఏమిటో కనుక్కున్నాను. ఇంటి బరువంతా మోసే అడుగు దుంగ ఉత్తరం వైపు పుచ్చిపోయింది. చాకు గుచ్చితే పిడి దాకా దిగింది. లోపల చీమలు తీరిగ్గా తిరుగుతున్నాయి. ఆ దుంగ మార్చాలంటే ఇల్లు పైకెత్తాలి. అంతే కదా!

మా ఎదురింట్లో స్వేయా అని డెబ్భై తొమ్మిదేళ్ళ ముసలావిడ ఉంటుంది. రోజూ రెండు చేతికర్రలు పుచ్చుకుని నడకకు వెళ్తూ మా గేటు దగ్గర ఆగేది. నా పని కాసేపు చూసేది. “అలాగా” అనేది. వెళ్ళిపోయేది. నేను తల ఊపేవాణ్ణి. ఐదేళ్ళలో మా స్నేహం అంతవరకు వచ్చింది. మార్గిట్‌కు మాత్రం ఊళ్ళో సంగతులన్నీ ఎలాగో తెలిసేవి.

“ఇక్కడ సగం ఇళ్ళు ఎత్తింది టూరె అనే ఆయనేనట. ఆ మలుపు దాటాక పచ్చ కొట్టం ఉందే, అది ఆయనదే. వెళ్ళి ఒక్క మాట అడగరాదూ?”

“అడగడమా? ఎండ కాసేదే నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో పరాయి మనిషిని ఇబ్బంది పెట్టమంటావా? ఆయనేమనుకుంటాడు?”

“ఆయనేమనుకుంటాడో నాకు తెలియదు. ఈ ఇల్లేమనుకుంటోందో మాత్రం గాలి వీచినప్పుడల్లా వినబడుతోంది.”

నేను ఆ శీతాకాలమంతా ఇళ్ళెత్తే వీడియోలు పదిహేడు చూశాను. వాటిలో ఎవరూ కంగారు పడలేదు. నేనెందుకు పడాలి?

ఈ జులైలో ఒక శనివారం పొద్దున్నే నాలుగు జాకీలు పెట్టాను. మార్గిట్ లోపల కాఫీ కాస్తోంది. నేను ఒక్కో జాకీకి ఒక్కో తిప్పు చొప్పున తిప్పుతూ వచ్చాను. ఇల్లు లేచింది! వేలెడు ఎత్తు లేచింది. నూట ముప్ఫై ఏళ్ళ ఇంటిని, భూగోళం పంతులు, ఒంటిచేత్తో! ఆ క్షణంలో స్వేయా గేటు దగ్గర లేకపోయిందే అని ఎంత బాధపడ్డానో చెప్పలేను.

అప్పుడు నాలుగో జాకీ కింద నేల కుంగింది. పెద్ద చప్పుడేం కాలేదు. ఇల్లు మాత్రం గాఢనిద్రలో పక్కకు ఒత్తిగిలిన మనిషిలా మూలిగింది. వీధి తలుపు చట్రం నలుచదరం మానేసి, లెక్కల మాస్టారు బోర్డు మీద ఏటవాలుగా గీసే బొమ్మలా తయారైంది.

“సిక్స్‌టెన్! తలుపు రావడం లేదు!”

“కిటికీ తెరువు!”

“ఏ కిటికీ? నువ్వు రంగేసిన కిటికీయేనా?”

గాజు పగలగొడదామంటే అవి పాతకాలపు చిన్న చిన్న గళ్ళు. పిల్లి తప్ప మనిషి పట్టే సందు కాదు. లోపలినుంచి మార్గిట్ మళ్ళీ పిలిచింది. ఈసారి అరవలేదు.

“పైనుంచి పొట్టు రాలుతోంది. ఎవరినైనా పిలుచుకు రా.”

ముప్ఫై ఏళ్ళ కాపురంలో నేను ఆ గొంతు వినలేదు. పరుగెత్తాను. రోడ్డు దాటి, ఐదేళ్ళలో మొదటిసారి, స్వేయా తలుపు తట్టాను. ఆవిడ తలుపు తీసింది.

అప్పుడు నేనేమన్నానో మీరు ఊహించలేరు. ఒకవేళ మీరూ మావైపు పుట్టినవాళ్ళైతే తప్పకుండా ఊహించగలరు.

“ఇవాళ ఎండ బాగుంది కదూ?” అన్నాను.

“బాగుంది” అంది స్వేయా.

“రేపు కూడా ఉంటుందంటున్నారు.”

“అలాగా.”

“అదేం లేదు... మీకు వేరే పనేం లేకపోతే... అంత తొందరేం లేదనుకోండి...”

ఆవిడ నా భుజం మీదుగా రోడ్డవతలికి చూసింది. “నీ ఇల్లు పక్కకు ఒరిగిందేం?”

“మార్గిట్ లోపల ఉంది” అన్నాను.

ఆవిడ ఇంకో మాట అడగకుండా ఫోన్ తీసింది. “టూరె, అడిగాడు. వచ్చేయ్” అంది. అంతే!

పన్నెండు నిమిషాల్లో ఎనిమిదిమంది వచ్చారు. ట్రాక్టరు వచ్చింది, దూలాలు వచ్చాయి, జాకీల కింద వేసే దిమ్మలు వచ్చాయి. టూరె డెబ్భై ఏళ్ళ దుంగలాంటి మనిషి. నా జాకీలను చూసి చూడనట్టు పక్కకు తిరిగాడు. మర్యాదస్తుడు. ముందు ఇంటికి ఊతాలు పెట్టించాడు. తర్వాత రంపం పెట్టి నా కిటికీ ఒకటి చట్రంతో సహా కోసేశాడు. అందులోంచి ముందు కాఫీ కెటిల్ వచ్చింది. తర్వాత నెత్తినిండా పొట్టుతో మార్గిట్ వచ్చింది.

నేను చేయి అందించాను.

“తర్వాత మాట్లాడతాను నీతో. ముందు వాళ్ళకు కాఫీ పొయ్” అంది.

పోశాను. సగం సాసర్లలో పడింది.

మధ్యాహ్నానికి టూరె తన కొట్టంలోంచి ట్రాక్టరు మీద ఒక దుంగ తెచ్చాడు. దేవదారు దుంగ, నలుపక్కలా చెక్కి ఉంది, బాగా ఎండి బూడిదరంగుకు తిరిగింది. మా ఉత్తరపు గోడ పక్కన దించితే కొలిచి కోసినట్టు సరిగ్గా సరిపోయింది.

“ఇంత సరైన దుంగ ఎలా దొరికింది?” అన్నాను.

“దొరకలేదు. చెట్టు కొట్టాను.”

“ఎప్పుడు?”

టూరె టోపీ తీసి తల గోక్కున్నాడు. “మీరు ఇల్లు కొన్న ఏడాది. ఆ దుంగ పుచ్చిందని ఊరందరికీ తెలుసు. ఎప్పుడైనా అడుగుతావని చెక్కి ఎండబెట్టాను.”

“ఐదేళ్ళనుంచా! మరి ఒక్క మాట చెప్పలేదేం?”

“నువ్వు అడగలేదుగా” అన్నాడు టూరె.

“ఒంటరిగా చేసుకోవడం నీకు సరదా అనుకున్నాం. మధ్యలో దూరి ఇబ్బంది పెట్టడం ఎందుకని” అంది స్వేయా. “అందుకే రోజూ వచ్చి గేటు దగ్గర నిలబడేదాన్ని. అంతకన్నా గట్టిగా ఎలా చెప్పను?”

పాఠకులారా, మీరే తీర్పు చెప్పండి! ఐదు వేసవులు నేను పొట్టు మోశాను, గోడలు గీకాను, ఒక్కసారైనా సరస్సులో దిగి స్నానం చేయలేదు. ఆ ఐదు వేసవులూ నాకు కావలసిన దుంగ నాలుగు వందల గజాల దూరంలో, నేను తలుపు తడతానేమోనని ఎదురుచూస్తూ ఎండింది. వాళ్ళు నన్ను ఇబ్బంది పెట్టకూడదనుకున్నారు, నేను వాళ్ళను ఇబ్బంది పెట్టకూడదనుకున్నాను. ఇంత మర్యాద మధ్య నా పెళ్ళాం చచ్చిపోయేది.

ఎనిమిదిమంది కలిసి ఆదివారం సాయంత్రానికల్లా దుంగ మార్చి ఇల్లు దించారు. నా పని ఏమిటంటే, అడిగినప్పుడు సుత్తి అందించడం. అది నాకు బాగా వచ్చు. పని అయ్యాక అందరూ సరస్సులో దిగారు. టూరె ఒడ్డునుంచి నన్ను కేకేశాడు. వెళ్ళాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి, బాగున్నాయి.

అందుకే మళ్ళీ చెబుతున్నాను, కొంటే పుచ్చిన ఇల్లే కొనండి. కాకపోతే చూసి కొనండి. కొంచెం పుచ్చిన ఇల్లు చాలా ప్రమాదం. దాన్ని మీరే బాగుచేసేసుకుంటారు. చేసుకుని, పక్కింటివాళ్ళ పేరైనా తెలియకుండా, నిండు నూరేళ్ళూ పెద్దమనిషిలా తల ఊపుతూ బతికేస్తారు.