ఉచితానందుడి సోఫా

ఉచితానందుడికి ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు, కాలేజీలో క్లాసువాళ్ళు పెట్టింది. పెన్నులు బ్యాంకులో, పేపరు లైబ్రరీలో, టీ బిస్కెట్లు తనకు ఏ సంబంధమూ లేని సెమినార్లలో సంపాదించేవాణ్ణి అంతకంటే మర్యాదగా ఎవరూ పిలవలేరు. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతాడని అతని గదిలోనే ఉండే బక్కోడు వెక్కిరిస్తాడు. వెక్కిరిస్తూనే ఆ బిస్కెట్లలో సగం తింటాడు.

ఆ శనివారం ఉదయం ఇద్దరి ప్లానూ చాలా మామూలుది. సాయంత్రం ఐదింటికి ఇంటి ఓనరమ్మ గది చూడటానికి వస్తుంది. నచ్చితే పాత అద్దెకే ఇంకో ఏడాది, నచ్చకపోతే పెట్టే బేడా సర్దుకోవాలి. ఆ అద్దెకు ఊళ్ళో పశువుల కొట్టం కూడా దొరకదు. కాబట్టి గది ఊడవాలి, చెత్త పారేయాలి. చెత్తతో కిందికి వెళ్ళిన ఉచితానందుడు చెత్తతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఒరేయ్, ఎదురింటి ముందు సోఫా పారేశార్రా! ముగ్గురు కూర్చోవచ్చు!"

"మనం ఇద్దరమే కదా?"

"మూడోది ఓనరాంటీకి! సోఫాలో కూర్చోబెట్టాక అద్దె పెంచడానికి నోరెలా వస్తుంది?"

ఈ తర్కం ముందు బక్కోడు నిలవలేకపోయాడు. రెండంతస్తులు ఎక్కించేసరికి ఇద్దరికీ తాతలు దిగొచ్చారు. తీరా చూస్తే సోఫా గుమ్మంలో దూరదు. నిలువుగా తోశారు, అడ్డంగా తోశారు, తిట్టారు. తలుపే అడ్డమని చివరికి తేలింది. పక్కింట్లో స్క్రూడ్రైవరు అడుక్కొచ్చి బందులు విప్పారు. మెట్ల దగ్గర చోటు లేక బక్కోడు ఆ తలుపును కిందికి మోసుకెళ్ళి, వీధి గోడకు ఆనించి వచ్చాడు. సోఫా లోపలికొచ్చింది. ఇద్దరూ మహారాజుల్లా కూలబడ్డారు.

ఆ రాజ్యం పది నిమిషాలు నడిచింది. ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు, కొట్టడానికి తలుపు కూడా లేకపోవడంతో, చేతికర్రతో నేరుగా లోపలికొచ్చాడు.

"ఎవర్రా మీరు? నల్లుల మందు కొట్టి ఎండలో పెట్టుకున్న సోఫా ఎత్తుకొస్తారా?"

"పారేశారనుకున్నాం మాస్టారూ..."

"పారేయడానికి నాకేమైనా మతిపోయిందా? ఎక్కడిదక్కడ పెట్టండి!"

"నల్లులా?" అన్నాడు బక్కోడు, అప్పటికే గోక్కుంటూ.

మళ్ళీ మోశారు. దించి, దణ్ణం పెట్టి వెనక్కి తిరిగితే గోడ ఉంది, తలుపు లేదు. వీధంతా మూడుసార్లు గాలించారు.

"ఎవడో ఎత్తుకుపోయాడ్రా!" అని ఉచితానందుడు లబోదిబోమన్నాడు. "రోడ్డు మీద కనిపిస్తే చాలా, తీసుకుపోవడమేనా? సిగ్గుండక్కర్లా?"

ఐదింటికి ఓనరమ్మ వచ్చింది. వెనక వడ్రంగి, వడ్రంగి నెత్తిన తలుపు. ఆ తలుపే. అందులో సందేహం లేదు, బక్కోడు ఏడాదిగా చొక్కాలు తగిలిస్తున్నది దానికే.

"చూశారా నాయనా, బంగారంలాంటి తలుపు! పొద్దున ఇటుగా వెళ్తుంటే గోడవారన ఊరికే దొరికింది. మీ గదికి పెట్టిద్దామని తెచ్చా. అదేంటి, పాతది ఏదీ?"

ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. తలుపును వీధిలో పెట్టామని చెబితే ఆవిడ తమనూ వీధిలోనే పెడుతుంది.

"చెదలు పట్టిందాంటీ," అన్నాడు ఉచితానందుడు. "పారేశాం."

వడ్రంగి తలుపు ఆనించి చూశాడు. కన్నానికి కన్నం సరిపోయింది. "అమ్మా, ఇది ఈ గుమ్మానిదే..."

"నీ పని నువ్వు చూసుకోవయ్యా," అంది ఓనరమ్మ, అటు చూడకుండానే.

తలుపు బిగించాక ఒకసారి వేసి, ఒకసారి తీసి, చల్లగా నవ్వింది. "ఇంకో ఏడాది ఉండండి నాయనా, బుద్ధిమంతులు. పాత తలుపు ఖరీదు మీ అడ్వాన్సులో కోసుకుంటా. కొత్త తలుపు వచ్చింది కాబట్టి అద్దె కాస్త పెరుగుతుంది. బిగింపు మాత్రం మీకు ఉచితం."

అలవాటు కొద్దీ ఉచితానందుడు థాంక్స్ చెప్పాడు.