మూడోసారి అడిగేదాకా

1961లో డెన్మార్కు నుంచి హాన్సెన్ దొర వచ్చేనాటికి పద్మనాభయ్య చేతిలో ఉన్నవి రెండు కొట్ల ఉప్పు, చేతులున్న కుర్చీ ఒకటి. విడవలూరు అవతల ఆ సముద్రపు పల్లెలో చేపలు ఎండబెట్టేవాళ్ళందరూ ఆయన ఉప్పే కొనేవాళ్ళు. దొర సర్కారు తరఫున ఐసు తెప్పిస్తాడనీ, ఇక చేప పచ్చిగానే మద్రాసు వెళ్తుందనీ తెలిసింది. అంటే ఉప్పుకు కాలం చెల్లినట్టే. దొర ఊళ్ళో ఒకరికి ఇవ్వబోయే ఐసు డిపో దక్కితేనే పద్మనాభయ్యకు వ్యాపారం. అందుకని కుర్చీ తుడిపించి, దొరను భోజనానికి పిలిచాడు.

పరదేశి గనక దొరకు అడిగినదానికి జవాబు చెప్పే దురలవాటు ఉండేది. పద్మనాభయ్య భార్య కామాక్షమ్మ "ఇంకో గారె వెయ్యనా?" అన్నప్పుడల్లా "సరే" అన్నాడు. గిన్నె ఖాళీ అయింది. ఇంటిల్లిపాదీ మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నారు.

"నేను మర్యాదకి అడగతా ఉంటే, ఆయన ఆకలికి తింటా ఉండాడే," అని ఆమె మొగుణ్ణి నిలదీసింది.

పద్మనాభయ్య దొరకు మన సంస్కృతి బోధించాడు. ఎవరేమిచ్చినా రెండుసార్లు వద్దనాలి. మూడోసారి, వాళ్ళ బలవంతం మీద, ఒప్పుకోవాలి. ఇచ్చేవాడు కూడా మూడుసార్లు అడగాలి. దొర నోటుబుక్కులో రాసుకుని కింద గీత గీశాడు.

ఆపైన దొర సాధించిన ప్రగతి ప్రశంసనీయం. బస్సులో కండక్టరు టిక్కెట్టు ఇవ్వబోతే "వద్దండీ, మీకెందుకు శ్రమ" అని రెండుసార్లు వారించాడు. అంతసేపూ బస్సు కదల్లేదు. ప్రయాణికులు ముచ్చటపడి చూశారు. మంగలి పోలేరయ్య సగం గడ్డం గీసి రెండో చెంప తిప్పమంటే మొహమాటపడ్డాడు. పడవలోంచి సముద్రంలో పడినప్పుడు పడవ నడిపే మస్తానయ్య చెయ్యి చాపితే, ఉప్పునీళ్ళు మింగుతూనే రెండుసార్లు వద్దన్నాడు.

"ఇంకోసారి అడగన్నా, మునిగిపోతా ఉండాడు," అన్నారు పడవలో వాళ్ళు.

మస్తానయ్య అడిగాడు. దొర బతికాడు. ఊరు మురిసిపోయింది.

డిపో ఇచ్చే రోజు పందిరి వేశారు, మైకు పెట్టారు. సమితి ప్రెసిడెంటు అధ్యక్షత వహించాడు. దొర లేచి, తనకు సంస్కృతి నేర్పిన గురువు వైపే తిరిగాడు.

"పద్మనాభయ్యగారూ, డిపో మీరు తీసుకోండి."

"అయ్యో, నేనెంతటివాణ్ణి."

చప్పట్లు.

"తీసుకోండి."

"ఇందరు పెద్దలుండగా నాకెందుకండీ."

ఇంకా చప్పట్లు.

"తీసుకోండి," అన్నాడు దొర మూడోసారి, ముందుకు వంగి.

ఇక్కడ పద్మనాభయ్య లెక్క వేశాడు. గారెకే మూడుసార్లయితే డిపోకు నాలుగన్నా లేకపోతే ఏం బాగుంటుంది? మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"సోదరులారా, పదవుల మీద నాకు ఆశ లేదు. ప్రజాసేవ డిపో లేకుండా కూడా చెయ్యొచ్చు."

పందిరి దద్దరిల్లింది. దొర నోటుబుక్కు చూశాడు. అందులో ఉన్నది మూడే. ఎంతో గౌరవంగా పద్మనాభయ్యకు నమస్కరించి, వెనక వరసలో కూర్చున్న ఎండుచేపల రెబెక్కమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, మీరు తీసుకుంటారా?"

"సరే దొరా."

దొర కంగారుపడి రెండోసారి అడగబోయాడు.

"ఇచ్చినాక మళ్ళా అడిగేదేంది? ఐసు లారీ ఎన్నింటికొస్తాది, అది చెప్పు."

రెబెక్కమ్మకు సిగ్గు లేదని ఊరు ఆ సాయంత్రమే ఏకగ్రీవంగా తీర్మానించింది. తెల్లారి ఆమె దగ్గరే ఐసు కొన్నది. పద్మనాభయ్యకు ఆశలేని మహానుభావుడనే పేరు దక్కింది. అది చేపలాంటిది కాదు, ఐసు లేకపోయినా చెడిపోదు. కొనేవాడే ఇంకా దొరకలేదు.