‘లోహిత కెరీర్’ గ్రూపు తీర్మానం

మనిషి సొంతంగా తీసుకోకూడని నిర్ణయాల్లో చదువుది మొదటి స్థానమని ఆడమ్స్‌టౌన్ తెలుగు కుటుంబాల్లో ఏనాడో తీర్మానమైపోయింది. ఆ సంగతి లోహితకి తెలీదు. పాపం, ఇక్కడే, ఈ విదేశంలోనే పుట్టి పెరిగిన పిల్ల.

బయోకెమిస్ట్రీ డిగ్రీలో రెండేళ్లు అయ్యాయి, ఇంకో రెండేళ్లున్నాయి. ఈలోగా ఫార్మసీ కాలేజీలో సీటొచ్చింది. శనివారాలు మందుల షాపు కౌంటర్లో నిలబడి ముసలమ్మల మోకాళ్ల నొప్పులు ఓపిగ్గా విన్నాక, తన పని ఇదేనని ఆ పిల్ల ఎప్పుడో తేల్చుకుంది. డిగ్రీ వదిలేసి చేరాలా, పూర్తిచేసి చేరాలా అన్న అనుమానం ఆమెకి లేనే లేదు. (అందుకే ఆమెని ఎవరూ అడగలేదు.)

సీటు ఒప్పుకోవాలంటే శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపు వెబ్‌సైట్లో ఒక్క బటన్ నొక్కాలి. నొక్కితే ఓటీపీ వస్తుంది, వాళ్ల నాన్న రాఘవులు ఫోనుకి. కూతురు నర్సరీలో చేరినప్పటి నుంచీ ‘విద్యార్థి ఫోన్ నంబరు’ అన్న ప్రతిచోటా ఆయన తన నంబరే వేస్తున్నారు. పిల్లలు ఫోన్లు పారేసుకుంటారని ఆయన సిద్ధాంతం. లోహిత కాలేజీకి ఫోన్ చేసింది. “యూ ఆర్ గ్రాండ్, ఏం పర్లేదు, నంబరు మార్చుకోవచ్చు” అన్నారు వాళ్లు. మార్చుకోవడానికి కావలసిన ఓటీపీ పాత నంబరుకి వెళ్తుంది.

రాఘవులు మాత్రం చేతులు ముడుచుకు కూర్చోలేదు. వాట్సాప్‌లో ‘లోహిత కెరీర్’ అని గ్రూపు పెట్టారు. ఇద్దరు బాబాయిలు, ఒక అత్త, బాలింకాలిగ్‌లో ధరలు పెరగకముందే ఇల్లు కొన్నందుకు దూరదృష్టి గలవాడని పేరుపడ్డ ఇమ్రాన్ సభ్యులు. అధ్యక్షులు ములింగార్‌లో ఉండే డాక్టర్ దత్తాత్రేయ గారు. లోహితని చేర్చలేదు. పిల్లకి టెన్షన్ ఎందుకని.

“ఇవాళ డిగ్రీ వదిలేస్తుంది, రేపు ఉద్యోగం, ఎల్లుండి మొగుణ్ణి” అని హెచ్చరించారు డాక్టర్ గారు.

“రెండేళ్లు ముందే సెటిలవుతుంది కదా సార్” అన్నాడు ఇమ్రాన్.

ఓటింగ్ పెట్టారు. వదిలెయ్యాలి, పూర్తిచెయ్యాలి, డాక్టర్ గారు ఎలా అంటే అలా. మూడోది బ్రహ్మాండంగా గెలిచింది. (డాక్టర్ గారూ దానికే వేశారు.)

శుక్రవారం పొద్దున, డ్యూటీ దిగాక, ఆయన తీర్పు వచ్చింది: “సరే, చేర్చెయ్యండి.”

రాఘవులు చదివి వినిపించగానే లోహిత ఎగిరి గంతేసింది. “డాడ్, ద కోడ్, క్విక్!”

“ఆగండాగండి!” అంటూ వాళ్లమ్మ సూర్యప్రభ అడ్డుపడింది. “పదిన్నరైంది. పన్నెండు దాకా రాహుకాలం.”

“మమ్, ట్వెల్వ్‌కి క్లోజ్! అయినా ఇండియాలో ఎప్పుడో అయిపోయిందిగా?”

“ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి రాహుకాలమే” అంది సూర్యప్రభ. (భోజనం తప్ప మిగతావన్నీ ఆవిడ ఇండియా టైము ప్రకారమే చేస్తుంది.)

“పన్నెండు దాకా టైముందిగా తల్లీ! కరెక్టుగా పన్నెండుకి కొడదాం” అన్నారు రాఘవులు.

“నాకు ఇది కావాలి నాన్నా” అంది లోహిత. నోరు తెరిస్తే ఇంగ్లీషు కలిపే పిల్ల, అచ్చ తెలుగులో. రాఘవులు కరిగిపోయారు. కరిగిపోయి, ఫోను తీసుకెళ్లి దేవుడి పటాలున్న ప్రెస్‌లో (ఇక్కడ అల్మరాని అలాగే అంటారు) పెట్టి, కూతురు కోసం మనస్ఫూర్తిగా దణ్ణం పెట్టుకున్నారు.

రాహుకాలం వెళ్లింది. కొబ్బరికాయ కొట్టారు. కాయ చక్కగా రెండు సమానమైన చెక్కలైంది. బటన్ నొక్కబోతే బటన్ లేదు. గడువు ముగిసిందని, ఆసక్తి చూపినందుకు ధన్యవాదాలని ఉంది. లోహిత పైకెళ్లి తలుపేసుకుంది, ఏడుపు మాత్రం కిందికి వినిపించింది.

ఆ విధంగా, డిగ్రీ పూర్తి చెయ్యాలన్న నిర్ణయం ఎవరూ తీసుకోకుండానే అమల్లోకి వచ్చింది. తన మొదటి అభిప్రాయం కూడా అదేనని డాక్టర్ గారు గుర్తుచేశారు. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

ఇంత బాగా పనిచేసిన గ్రూపుని రద్దు చెయ్యడం ఎందుకని సాయంత్రం రాఘవులు దాని పేరు ‘లోహిత పెళ్లి’ అని మార్చారు. లోహితని ఇందులోనూ చేర్చలేదు. పిల్లకి టెన్షన్ ఎందుకని.