ముగ్గురు నయం చేసిన మనిషి

ఆ ఆదివారానికి నరేష్‌కుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే లేచి సరూర్‌నగర్ చెరువు కట్ట మీద నెమ్మదిగా పావుగంట నడవాలి. ఇంటికొచ్చి స్నానం చేసి, రెండు ఇడ్లీలు తిని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొంచెం నీరసంగా సోఫాలో కూర్చోవాలి. పది గంటలకు మేనేజర్ రామమోహనరావు గారు కొత్తపేట రైతుబజార్లో కూరగాయలు కొనుక్కుని అటునుంచి అటే వస్తారు. అతన్ని ఒకసారి కళ్ళారా చూసి, రెండు నెలల పాటు సగం పూట డ్యూటీ ఇప్పించమని పెట్టుకున్న అర్జీ మీద సంతకం చేస్తారు. అంతే.

నీరసంగా కనబడటానికి అతను ప్రత్యేకంగా కష్టపడాల్సిన పనిలేదు. నరేష్ ఎల్.బి.నగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో లోడింగ్ సూపర్‌వైజరు. కిందటేడు ఆపిల్ సీజనుకు కంపెనీ అతన్ని నెల రోజులు హిమాచల్ పంపింది. పశువుల చెవులు పట్టుకుని వేలాడే పిడుదు ఉంటుంది కదా, మనవైపు గోమారి అంటారు, అలాంటిదొకటి అక్కడి తోటలో అతని మోకాలి వెనక పట్టుకుంది. గీకి పారేశాడు. తర్వాత అక్కడ చక్రంలా ఎర్రమచ్చ లేచింది, జ్వరం వచ్చింది, కీళ్ళు పట్టేశాయి. అది లైమ్ జబ్బని తేలడానికే మూడు నెలలు పట్టింది. మందుల కోర్సు పూర్తయింది గానీ నొప్పులూ నిస్సత్తువా మాత్రం, నోటీసిచ్చినా ఇల్లు ఖాళీ చెయ్యని కిరాయిదారుల్లా ఉండిపోయాయి.

"మందుల పని అయిపోయింది. ఇక వేళకు నిద్ర, ఇంటి తిండి, రోజూ కొంచెం నడక. తొందరపడి పని నెత్తినేసుకుంటే మళ్ళీ మంచం ఎక్కుతారు. ఓపిక పట్టండి," అన్నారు డాక్టరు.

ఓపిక మెడికల్ షాపులో దొరికే వస్తువు కాదు కాబట్టి చుట్టాలూ ఇరుగుపొరుగూ రంగంలోకి దిగారు.

మొదట తల్లి అండాలమ్మ. పోచంపల్లి నుంచి తిప్పతీగ తెచ్చి, కషాయం కాచే పద్ధతి కోడలికి మూడుసార్లు అప్పజెప్పించుకుని వెళ్ళింది. తర్వాత అత్తగారు కౌసల్య. మెంతులు, వాము, నల్లజీలకర్ర వేయించి దంచిన పొడిని సైదాబాద్ నుంచి హార్లిక్స్ సీసాలో పంపింది. మూడోవాడు కింది వాటాలో ఉండే గుండయ్య. ఆర్టీసీలో ముప్పయ్యేళ్ళు కండక్టరుగా చేసి, రిటైరయ్యాక ప్రకృతి వైద్యం పుస్తకాలు చదివి, మనిషికి మట్టిని మించిన మందు లేదని తేల్చుకున్నాడు. నరేష్‌ను మేడ మీద ఎండలో పడుకోబెట్టి పొట్టకూ మోకాళ్ళకూ చెరువు మట్టి పూశాడు. కషాయం రెండో గుక్క దగ్గర ఆగింది. పొడి ఒక చెంచా దగ్గర ఆగింది. మట్టి తుమ్ముల దగ్గర ఆగింది.

ఏదీ పనిచెయ్యలేదన్న సంగతి ఒక్క భార్య రజితకే తెలుసు. వాళ్ళ వంశంలో డిగ్రీ చదివిన మొదటివాడు నరేష్. నాలుగక్షరాలు రాగానే పెద్దల మాట పనికిరాకుండా పోయిందన్న పేరు పడకూడదని పట్టా చేతికొచ్చిన రోజే ఒట్టు పెట్టుకున్నాడు. అందుకే తల్లి ఫోన్ చేసి "ఎట్లున్నది బిడ్డా?" అంటే "నీ కషాయంతోనే లేచి తిరుగుతున్ననే అమ్మా" అన్నాడు. అత్తగారు చేస్తే "మీ పొడి మస్తు పనిచేసింది అత్తమ్మా" అన్నాడు. మెట్ల దగ్గర గుండయ్య ఆపితే "అంతా మీ మట్టి దయ అంకుల్" అన్నాడు.

"ఒక్కరికి చెప్తె అబద్ధం. ముగ్గురికి చెప్పినవ్, ఇగ అది ఊరేగింపే. ఎటు తిరిగొస్తదో చూసుకో," అంది రజిత.

అది ఆ ఆదివారం తిరిగొచ్చింది.

చెరువు నుంచి వచ్చేసరికి గేటు పక్కన ఒక ఫ్లెక్సీ రెపరెపలాడుతోంది. "దీర్ఘకాల లైమ్ జబ్బును కేవలం మట్టితో జయించిన మా నరేష్‌కుమార్‌కు శుభాభినందనలు" అని ఎర్రక్షరాలు. పైన నరేష్ పెళ్ళినాటి ఫోటో, బాసికం తీసేసినా గంధం బొట్టు ఉండిపోయింది. దానికి రెట్టింపు సైజులో, చేతులు జోడించిన గుండయ్య.

"ఎట్లున్నది తమ్మీ?" అన్నాడు గుండయ్య నిచ్చెన దిగుతూ. "కాలనీ గ్రూపుల గూడ పెట్టిన. డెబ్బై రెండు దండాలొచ్చినయ్."

"మంచిగున్నది అంకుల్. కానీ జర పదకొండు దాకా మడిచి పెడదామా? ఆఫీసు సార్ ఒస్తున్నడు."

"సార్ ఒస్తున్నడా! మరి ముందే చెప్పద్దా? లైటింగ్ పెడుతుంటి!"

ఇంకో మాట అనబోయేలోపు గేటు ముందు ఆటో ట్రాలీ ఆగింది. ముందు సీట్లోంచి అండాలమ్మ దిగింది. వెనకనుంచి, మెడలో బంతిపూల దండతో, ఒక నల్ల మేక, మొక్కుల యాట, దిగింది. దిగీ దిగగానే ఫ్లెక్సీ కింది అంచు రుచి చూసింది.

"అమ్మా, ఇదేందే?"

"ఏందంటవేంది? నా చేతి కషాయంతోని నా కొడుకు లేచి తిరిగితె యాటను ఇస్తనని ఎల్లమ్మకు మొక్కితి. తిరుగుతున్న అంటివి గద. ఇయ్యాల మధ్యాహ్నం దావత్. యాబై మందికి చెప్పిన."

"నాకు చెప్పలేదేందే?"

"నీకు చెప్తె డాక్టర్నడుగుతా అంటవ్."

యాటను మెట్ల పక్కనున్న పంపుకు కట్టేశారు. అండాలమ్మ అప్పుడు తల ఎత్తి ఫ్లెక్సీ చూసింది. చదువు రాదు గానీ ఫోటోల సైజులు ఎవరికైనా అర్థమవుతాయి.

"మా వాని పక్కన గీయన బొమ్మ ఎందుకు పెట్టిన్రు?"

"నయం చేసింది నేనే గద అక్కా," అన్నాడు గుండయ్య వినయంగా.

"నువ్వా? ఏం పెట్టి?"

"మట్టి పెట్టి."

"మట్టా!" అండాలమ్మ కొంగు నడుముకు దోపింది. "నెల దినాలు నా కషాయం తాగిండు నా కొడుకు. నువ్వు మట్టి వెడితె నయమైందా? అడుగు వాన్ని."

నరేష్ నోరు తెరిచేలోపు సైదాబాద్ ఆటో వచ్చి ఆగింది. కౌసల్య దిగింది. ఆమె వెనకే రెండు సంచుల నిండా చిన్న చిన్న పొడి పొట్లాలు దిగాయి.

"అల్లుడికి నయమైందని మా గల్లీల పదకొండు ఇండ్లకు చెప్పిన వదినా," అంది అండాలమ్మతో, చెమట తుడుచుకుంటూ. "అందరు పొడి అడుగుతున్నరు. ఈ కాలనీల గూడ పంచుదామని తెచ్చిన. అల్లుడు నిలవడి నాలుగు మాటలు చెప్పాలె."

"పొడేంది వదినా?" అంది అండాలమ్మ చాలా నెమ్మదిగా.

రజిత మూడో అంతస్తు బాల్కనీలోంచి చూసి, పొయ్యి మీద ఇడ్లీ గిన్నె దించేసింది. ఇక తినే మనిషి పైకి రాడని ఆమెకు అర్థమైపోయింది.

ముగ్గురూ నరేష్ చుట్టూ నిలబడ్డారు. "చెప్పు బిడ్డా, ఎవరి దాంతోని నయమైంది?" అంది తల్లి. "నిజం చెప్పు అల్లుడా, మొహమాటం లేదు," అంది అత్తగారు. "ముందుకు జరిగి చెప్పు తమ్మీ," అన్నాడు పాత అలవాటు కొద్దీ గుండయ్య. ఎవరి పేరు చెప్పినా ఇద్దరు చిన్నబోతారు. నరేష్ మోకాళ్ళు అసలు నొప్పితో పాటు కొత్త నొప్పి కూడా అందుకున్నాయి.

"అబ్బో! కంగ్రాట్స్ అండీ!"

గేటు దగ్గర, సంచిలోంచి మునక్కాడలు తొంగిచూస్తుండగా, రామమోహనరావు గారు నిలబడి ఫ్లెక్సీని పైనుంచి కిందికి చదువుతున్నారు.

"జయించారన్నమాట. మరి నాకు మాటమాత్రం చెప్పలేదేంటండీ? సగం పూట డ్యూటీ అని అర్జీ పెట్టారుగా?"

"సార్, అది... ఇంక పూర్తిగా..."

"పూర్తిగా నయమైంది సారూ!" అన్నాయి మూడు గొంతులు ఒకేసారి. ఆ రోజు ఆ ముగ్గురూ ఏకమైంది ఆ ఒక్క విషయంలోనే.

"మంచిది. అయితే రేపు ఎనిమిదింటికల్లా వచ్చెయ్యండి. పదిహేను లారీలున్నాయి, లోడింగ్ దగ్గర మనిషి లేక చస్తున్నాం. ఈ అర్జీతో ఇక పనిలేదుగా?" అంటూ ఆయన జేబులోంచి కాగితం తీశారు, చింపడానికి వీలుగా రెండు చేతులతో పట్టుకున్నారు.

పదిహేను లారీలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాళ్ళ మీద. వారం తిరక్కుండా మళ్ళీ మంచం, ఆ తర్వాత ఉద్యోగం కూడా ఉండదు. నిజం చెప్పెయ్యాలని నరేష్ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆధారం కోసం పంపు మీద చెయ్యి వేశాడు. అదే పంపుకు కట్టిన యాట ఆప్యాయంగా తల అతని చేతికి రుద్దింది. అతను కిందికి చూశాడు. యాట చెవి లోపల, శనగ గింజంత లావున, బూడిద రంగులో, నిమ్మళంగా కూర్చుని ఉంది ఒక గోమారి.

నరేష్ అరిచిన అరుపు దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దాకా వినబడిందని తర్వాత గుండయ్య చెప్పాడు. ఆరు నెలలుగా అంతస్తుకొక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, కూర్చుని కూర్చుని ఎక్కుతున్న మనిషి, మూడంతస్తులూ ఒక్క ఉరుకున ఎక్కేశాడు. దారిలో తన కుర్చీ ఒకదాన్ని తనే తన్నేశాడు. అది దొర్లుకుంటూ వచ్చి మేనేజర్ గారి కాలికి తగిలి ఆగింది.

"కీళ్ళ నొప్పులన్నారుగా?" అన్నారు రామమోహనరావు గారు, కుర్చీని చూసి, మెట్లను చూసి.

"చూసిన్రా!" అంది అండాలమ్మ గర్వంగా. "గది నా కషాయం."

"లగెత్తుడు చూసిన్రా, పొడితోని గాదా?" అంది కౌసల్య.

పైనుంచి రజిత కేక వినబడింది. "అమ్మా! అత్తమ్మా! జల్ది రాండ్రి!"

అందరూ ఎక్కారు. మునక్కాడల సంచితో మేనేజర్ గారు కూడా ఎక్కారు. తలుపు బయట, చెప్పుల స్టాండు పక్కన, నరేష్ గోడకానుకుని కూలబడి ఉన్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. రజిత నీళ్ళ గ్లాసు ఇస్తే పట్టుకోలేక సగం చొక్కా మీద ఒలికింది. రెండు నిమిషాల ఉరుకుకు అతను రెండు వారాల బలం మూల్యంగా కట్టేశాడు.

"ఏమైంది బిడ్డా!" అండాలమ్మ కింద కూర్చుని అతని తల ఒళ్ళోకి తీసుకుంది.

ఒళ్ళో తల ఉన్నప్పుడు అబద్ధమాడటం కష్టం. నరేష్ కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మా, నాకు నయం కాలే. ఎవ్వరి దాంతోని కాలే. కషాయం రెండు గుక్కలు తాగి సింకుల పోసిన. అత్తమ్మా, పొడి బీరువాల ఉంది. అంకుల్, మట్టి పడలే. మీరు చిన్నబోతరని నయమైందన్న. పండుకుంటున్న, నడుస్తున్న, జర జర తగ్గుతున్నది. గంతే. ఇంక టైం వడ్తది."

పెద్దలకు కాదని చెప్పడం అతని జీవితంలో అదే మొదటిసారి. కిందనుంచి యాట 'మే' అంది.

ముందు అండాలమ్మ తేరుకుంది. తేరుకుని కొడుకు వైపు కాదు, మేనేజర్ గారి వైపు తిరిగింది.

"ఇన్నవా సారూ? నయం కాలేదంట. నయం కానోన్ని రేపటికెల్లి లారీల కాడ నిలవెడతనంటివి, నీకు పిల్లలు లేరా?"

"అమ్మా, మీరేగా పూర్తిగా నయమైందని..."

"మేము తల్లులం, అంటం. నువ్వు చదువుకున్నోడివి, నీకు తెల్వద్దా?" అంది కౌసల్య. "నా పొడి తినందే ఎట్ల నయమైతది? సీసా నిండుగనే ఉన్నదంట!"

"నేను పెట్టింది గూడ ఒక్కటే మట్టి పట్టు సార్," అన్నాడు గుండయ్య. "ఇరవై ఒకటి ఎయ్యాలె. రూల్ ప్రకారం ఇది నయమే గాదు."

పది నిమిషాల కిందట అతన్ని నయం చేసిన ఘనత కోసం కొట్లాడిన ముగ్గురూ, అతనికి ఏమాత్రం నయం కాలేదని రుజువు చెయ్యడానికి ఇప్పుడు పోటీపడ్డారు. రామమోహనరావు గారు వెనక్కి ఒక మెట్టు దిగారు. కాగితం చింపకుండానే గోడకు ఆనించి సంతకం పెట్టారు.

"నేను ముందే పెట్టేవాణ్ణండీ. రెండు నెలలు, సగం పూట. మీరు మాత్రం ఎక్కడా ఉరకకండి," అన్నారు నరేష్‌తో.

గుండయ్య కిందికి వెళ్ళి, ఫ్లెక్సీ మీద "జయించిన" చివర చీటీ అంటించి "జయించబోతున్న" అని మార్చాడు. 'కేవలం' అన్న మాట యాట అప్పటికే తినేసింది. నయం కాలేదు కాబట్టి మొక్కు కూడా తీరలేదని అండాలమ్మ తేల్చింది. యాబై మందికీ పప్పుచారుతో సరిపెట్టి, యాట చెవి శుభ్రం చేయించి, వచ్చిన ట్రాలీలోనే దాన్ని పోచంపల్లి తిప్పి పంపింది. నరేష్ ఎన్నటికీ కోలుకోకూడదని కోరుకునే ప్రాణి లోకంలో అదొక్కటే.

అంతా సద్దుమణిగింది. రామమోహనరావు గారు మెట్లు దిగుతూ, కుర్చీ తగిలిన కాలు రుద్దుకుంటూ, మనసులో మాట పైకే అనేశారు. "నాకూ ఏడాదిగా ఈ మోకాలు ఒకటే సలుపండీ."

కింద ముగ్గురూ ఒక్కసారిగా తలెత్తి చూశారు. సలపడం ఎప్పుడు మొదలైందని ఒకరడిగారు, ఏ కాలని ఇంకొకరడిగారు, మూడోవారు అడక్కుండానే గ్లాసు తేవడానికి వెళ్ళారు. పెద్దల మాట కాదనలేని గుణం ఒక్క నరేష్‌కే ఉంటుందనుకోవడం పొరపాటు.

సోమవారం నరేష్‌కుమార్ సగం పూట డ్యూటీకి వేళకు హాజరయ్యాడు. రామమోహనరావు గారు మాత్రం కడుపు బాగాలేదని పూర్తి రోజు సెలవు పెట్టారు.