వేచి ఉండువారి పాట

ఆ ఉదయం ఆకాశం వాన కురిపిస్తాననీ అనలేదు, కురిపించననీ అనలేదు. విషయం పరిశీలనలో ఉన్నట్టు బూడిదరంగు ముఖం పెట్టుకుని కూర్చుంది. నీటి సరఫరా కార్యాలయానికి ఇంతకన్నా మంచి శకునం ఉండదు కనుక, అధ్యక్షులవారు పదకొండు గంటలకు అందరినీ పిలిపించి, కార్యాలయానికి ఒక పాట అవసరమైందని ప్రకటించారు.

అవసరం చిన్నదేమీ కాదు. ఫిర్యాదుల నంబరుకు ఫోను చేసినవాళ్లు ఇటునుంచి ఎవరైనా పలికేదాకా నిశ్శబ్దంలో ఉండాల్సి వస్తోంది. నిశ్శబ్దంలో మనిషి ఆలోచిస్తాడు. కుళాయి రావడం లేదని చెబుదామనుకున్నవాడు ఆగి ఆగి, మొన్న వచ్చిన నీళ్ల రంగు కూడా గుర్తు తెచ్చుకుంటున్నాడు. ఒక ఫిర్యాదు రెండవుతోంది.

"ప్రజల్ని ఆలోచనలో పడేసి వేధించడం మన పద్ధతి కాదు. వాళ్ల చెవిలో ఒక పాట పోయండి," అన్నారు అధ్యక్షులవారు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినట్టు రాసుకున్నారు.

ఈ మహాకార్యం ఎవరికి అప్పగించాలన్న ప్రశ్న ఎక్కువసేపు నిలవలేదు. కార్యాలయంలో ఉన్న ఒకే ఒక్క మైకు సామాన్ల గదిలో ఉంది. కాబట్టి సంగీతం కూడా సామాన్ల గది కిందికే వస్తుంది. ఆ గది గుమాస్తాను అందరూ చీటీగారు అంటారు. చీటీ రాసివ్వనిదే ఆయన చీపురు కూడా ఇవ్వరు. ముప్పై ఏళ్లలో చీటీ లేకుండా ఆ గదిలోంచి బయటికి వెళ్లింది ఎలుకలొక్కటే.

చీటీగారు లేచి నిలబడ్డారు. ఆయన మనసు సమావేశంలో లేదు. పొద్దున్నే అక్కను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి వచ్చారు. అక్క ఆయన ఇంటి ముందుగదిలోనే కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. మిషను తొక్కుతున్నంతసేపూ పాడుతుంది. వీధిలో పోయేవాళ్లు కొలతలివ్వడానికి వచ్చి, పాట అయ్యేదాకా కొలతలు మరిచిపోతారు. ఆ గొంతులో ఏదో పెరుగుతోందట. గురువారం కోయాలట. తరవాత గొంతు ఎలా ఉంటుందో చెప్పలేనన్నాడు డాక్టరు. అప్పటిదాకా గొంతును ఊరికే ఉంచమన్నాడు. "పాడాలనుంటే ఒక్క పాట పాడుకోమ్మా, రెండోది వద్దు," అన్నాడు.

"పాడటానికి మనిషి ఉందండి. మా అక్క," అన్నారు చీటీగారు. ముప్పై ఏళ్లలో ఆయన చీటీ లేకుండా ఇచ్చిన మొదటి వస్తువు అదే.

ఇంటికెళ్లి చెబితే అక్క మిషను ఆపింది.

"నా గొంతు మీ ఆఫీసు ఫోనులోనా? అక్కడ ఎవరూ ఎత్తరు కదరా."

"అందుకే అక్కా. ఎత్తితే పాట ఎవరు వింటారు?"

"ఇంట్లోనే సెల్లులో పట్టుకుంటే పోదా, వదినా?" అంది చీటీగారి భార్య.

"ఉన్నదొక్క పాట. దాన్ని సెల్లులో పెట్టమంటావా, పెద్ద యంత్రంలో పెట్టమంటావా?" అని అక్క మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. ఈసారి పాడలేదు. పాటను దాచుకుంది.

చీటీగారు ఆ సాయంత్రమే తొమ్మిది పేజీల ప్రణాళిక రాశారు. పాట అంటే ఏమిటి, గాయని అంటే ఎవరు, తాళం తప్పినచో తీసుకోవలసిన చర్యలు, అన్నీ ఉన్నాయి. చివర, పైపుల పనికి వాడే పాత కాగితంలోంచి ఒక వాక్యం అలవాటు కొద్దీ దించేశారు: "పని ముగిసిన పిమ్మట మిగిలిన ముడి సరుకును సంఘం సమక్షంలో ధ్వంసం చేయవలెను." ప్రణాళికను అధ్యక్షులవారు ఎంతో మెచ్చుకున్నారు. బరువుగా ఉందన్నారు. ఎవరూ చదవలేదు కనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

తరవాత శ్రుతి. కార్యాలయంలో ఏది తీసుకోవాలన్నా మూడు చోట్ల అడిగి, మూడింటిలో తక్కువదాన్ని ఎంచుకోవాలి. ఈ నియమం గోడ మీద ఫ్రేము కట్టి ఉంది. అందుకని హార్మోనియం ఆయన్ను, వేణువు ఆయన్ను, కుర్చీలు అద్దెకిచ్చే ఆయన్ను తలా ఒక శ్రుతి రాసి కవరులో పెట్టి ఇమ్మన్నారు. కవర్లు అందరి ఎదుటా విప్పారు. కుర్చీల ఆయన శ్రుతి అన్నిటికన్నా కింద ఉంది. ఆయనదే ఖాయం చేశారు. వేణువు ఆయన ఏదో చెప్పబోయాడు కానీ, కవర్లు విప్పాక మాట్లాడటానికి వీల్లేదు.

సోమవారం రికార్డింగు. ఊరి చివర రెండు గదుల స్టూడియో. గోడలకు పాత పరుపులు కొట్టి ఉన్నాయి. అద్దానికి అటువైపు మీటల బల్ల ముందు యజమాని కూర్చున్నాడు. ఆయన రోజుకు పది మాటలకు మించి మాట్లాడడు. వినే పనిలో ఉన్నవాళ్లకు అది మామూలే. ఫ్యాను ఆపేశారు. కార్యాలయం తరఫున ఏడుగురు విభాగాధిపతులు వచ్చి, నిశ్శబ్దంగా ఉండవలసిన ఆవశ్యకత గురించి ఒకరి తరవాత ఒకరు ప్రసంగించారు.

అక్క చెవులకు హెడ్‌ఫోను పెట్టారు. ఆమోదం పొందిన శ్రుతి వినిపించారు.

"ఒరేయ్ తమ్ముడూ, ఇంత కింద పాడాలంటే ముందు నన్ను గోతిలోకి దించాలిరా."

ఏడుగురూ చీటీగారి వైపు చూశారు. చీటీగారు నేల వైపు చూశారు.

"మీకు ఎక్కడ సుఖంగా ఉంటే అక్కడ పాడండమ్మా," అన్నాడు యజమాని. అవి ఆ రోజు మాటల్లో సగానికి పైనే.

అయినా పాట లేవలేదు. అక్క రెండుసార్లు నోరు తెరిచి మూసింది. "కాలు ఊరుకుంటే గొంతు కదలదు నాయనా," అంది. యజమాని లేచి వచ్చి, ఆమె పాదం కింద నాలుగు మడతలు పెట్టిన దుప్పటి వేశాడు. అక్క చెప్పు విడిచి, లేని మిషను తొక్కడం మొదలుపెట్టింది. దుప్పటి మీద మెత్తగా దబ్, దబ్ మని చప్పుడు. ఆ చప్పుడు మీద గొంతు లేచింది. "వచ్చింది వచ్చింది నీరు, వాకిట నిండింది బిందె" అని ఒక బడిపంతులు రాసిచ్చిన నాలుగు ముక్కల పాట. అంతకుముందు దాన్ని చదివినప్పుడు నాలుగు ముక్కలే ఉన్నాయి. అక్క పాడుతుంటే ఎండలో నడిచి ఇల్లు చేరిన మనిషి చెంబెత్తి తాగుతున్నట్టుంది. ఆర్థిక విభాగాధిపతి దాహమేసి బయటికి వెళ్లాడు. అక్కడ కుళాయి రావడం లేదు.

పాట అయిపోయింది. అక్క హెడ్‌ఫోను తీయకుండానే అద్దంలోంచి చూస్తూ అడిగింది.

"సరిపోయిందా తమ్ముడూ? బిగువైతే చెప్పు, విప్పి మళ్లీ కుడతాను."

అని చిన్నగా నవ్వింది. యంత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

గురువారం అక్క గొంతు కోశారు. అదే గురువారం ఇక్కడ పాటను కోయడం మొదలైంది. దీన్ని మెరుగులు దిద్దడం అంటారు. నియమం ప్రకారం ఏడుగురు విభాగాధిపతులూ పాట విని అభ్యంతరాలు రాయాలి. ప్రతివారూ మొదటినుంచి నలభై సెకన్లు విని, ఒక అభ్యంతరం దొరకగానే బాధ్యత తీరినట్టు లేచి వెళ్లారు. దిద్దిన పాట మళ్లీ మొదటినుంచి వినాలి. మళ్లీ నలభై సెకన్లకు లేచారు. పాట మూడు నిమిషాల పది సెకన్లుందన్న సంగతి లెక్కగా తెలిసినవాళ్లు ఇద్దరే: యజమాని, చీటీగారు.

ఇంజనీర్ల విభాగం, గాయని ఊపిరి వినిపిస్తోందనీ, పైపులో నీటికి బదులు గాలి వస్తోందని ప్రజలు అపార్థం చేసుకోగలరనీ రాసింది. ఊపిరి తీసేశారు. న్యాయవిభాగం "వచ్చింది" అన్న మాట దగ్గర ఆగింది. రాలేదని ఎవరైనా నిరూపిస్తే? "రావచ్చును" అని మార్చారు. "నిండింది" అనడం అతిశయోక్తి కనుక "తడిసింది" అయింది. తనిఖీ విభాగానికి దబ్ దబ్ చప్పుడు ఎక్కడో పైపు పగిలినట్టు వినబడింది. అదీ పోయింది. మారిన మాటలు మళ్లీ పాడించాలి కదా, గాయని ఆసుపత్రిలో ఉంది కదా అని యజమాని అడిగితే, అసలు ఆవిడ పేరు సిబ్బంది జాబితాలో లేదని సిబ్బంది విభాగం అప్పుడు కనిపెట్టింది. జాబితాలో లేని గొంతు కార్యాలయం తరఫున ఎలా పాడుతుంది?

దాంతో ఏడుగురు విభాగాధిపతులే బృందగానం చేశారు. "రావచ్చును రావచ్చును నీరు, వాకిట తడిసింది బిందె." ఆమోదం పొందిన శ్రుతిలోనే పాడారు. తలా ఒక దారిన పోయిన ఏడు గొంతులనూ యజమాని యంత్రంతో లాక్కొచ్చి ఒక తాటికి కట్టాడు. ఫలితం దూరాన బస్సు హారను మోగినట్టు ఉంది. చాలా గంభీరంగా ఉందని ఏడుగురూ ఒకరినొకరు అభినందించుకున్నారు. నలభై సెకన్లపాటు.

చీటీగారు మాత్రం, ముడి రికార్డింగు ఎలాగూ ఉంది కదా, అక్క పాట అందులో భద్రంగా ఉంది కదా అనుకున్నారు. అప్పుడే తొమ్మిదో పేజీని ఎవరో చదివారు. కార్యాలయ చరిత్రలో ఒక కాగితాన్ని చివరిదాకా చదవడం అదే మొదలు.

"ముడి సరుకు ధ్వంసం చేయాలి కదండీ," అన్నారు అధ్యక్షులవారు.

"ఒక్క కాపీ ఉంచుకుంటానండి. మా అక్క గొంతు..."

"ఏ నిబంధన కింద?"

చీటీగారికి తెలుసు, అలాంటి నిబంధన లేదు. రాసింది ఆయనే.

"మీరు రాసిన ప్రణాళికే కదా. అద్భుతమైన ప్రణాళిక," అన్నారు అధ్యక్షులవారు ఆప్యాయంగా.

యజమాని ముడి రికార్డింగులన్నీ ఉన్న నల్లటి పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. పగిలిన పైపులను కొట్టే సుత్తి కావాలి. సుత్తి కావాలంటే చీటీ కావాలి. చీటీగారు తనకు తానే చీటీ రాసుకుని, తానే సంతకం చేసి, సుత్తి తెచ్చారు. మొదటి దెబ్బ ఆయనదే. రెండోదానికి చెయ్యి లేవకపోతే మిగతావి తనిఖీ విభాగం వేసింది. తయారైన పాటను ఫోనుకు ఎక్కించి, మూలప్రతిని అధ్యక్షులవారి ఇనప బీరువాలో పెట్టి సీలు వేశారు.

వెళ్తూ వెళ్తూ యజమాని మెట్ల మీద ఆగాడు.

"పాట చివరిదాకా వినండి సార్."

"ఆ పాటా?"

"చివరిదాకా," అని ఆ రోజుకు మాటలు ముగించాడు.

అక్క ఇంటికొచ్చింది. మూడు వారాలు మాట్లాడొద్దన్నారు. మూడు వారాల తరవాత మాట్లాడితే, గొంతుకు బదులు గరుకు కాగితం మీద గరుకు కాగితం రుద్దినట్టు వచ్చింది. అక్క నవ్వబోయింది. అదీ అలాగే వచ్చింది. ఆ తరవాత అవసరానికి సైగ చేసేది. మిషను తొక్కేది. వీధిలో పోయేవాళ్లు కొలతలు సరిగ్గా ఇచ్చి వెళ్లిపోతున్నారు.

ఒక మధ్యాహ్నం చీటీగారు ఫిర్యాదుల నంబరుకు ఫోను చేశారు. బస్సు హారను మొదలైంది. ఆయన ఆగారు. నలభై సెకన్లు. నిమిషం. రెండు. మూడు నిమిషాల పది సెకన్లకు హారను ఆగిపోయింది. ఆ తరవాత, ఊపిరితో సహా, దుప్పటి మీద చివరి దబ్ చప్పుడుతో సహా:

"సరిపోయిందా తమ్ముడూ? బిగువైతే చెప్పు, విప్పి మళ్లీ కుడతాను."

చిన్న నవ్వు. మళ్లీ హారను మొదటికొచ్చింది.

ఏడుగురు విభాగాధిపతుల చెవులు చేరని చోటు ఏదో యజమాని కొలిచి పెట్టుకున్నాడు. చీటీగారి భార్య ఆ మాటల్ని తన సెల్లులో పట్టబోతే ఒట్టి గరగరే వచ్చింది. వినాలంటే ఫోను చేసి ఆగవలసిందే.

అంతా సవ్యంగా సాగుతుండగా అధ్యక్షులవారికి ఒక ఆశయం కలిగింది. ఇకనుంచి ప్రతి ఫోనునూ ఒక్క నిమిషంలో ఎత్తాలి. ఇరవై కొత్త ఫోనులు వచ్చాయి. నియమం ప్రకారం అవి సామాన్ల గదికి చేరాయి. అక్కడినుంచి కదలాలంటే చీటీ కావాలి. మొదటిసారి తెచ్చిన చీటీలో తేదీ సరిగా లేదన్నారు చీటీగారు. రెండోసారి సిరా రంగు వేరన్నారు. మూడోసారి, ఇరవై ఫోనులకు ఒక చీటీ చెల్లదు, ఇరవై రాయాలన్నారు. ఇరవై రాసి తెచ్చాక, తలా మూడు ప్రతులు కావాలన్నారు. ఆయన నిష్ఠను మెచ్చుకుని అధ్యక్షులవారు శాలువా కప్పారు. ఫోనులు ఇంకా డబ్బాల్లోనే ఉన్నాయి.

కాబట్టి మీ ఇంట్లో కుళాయి రాకపోతే, ఆ నంబరుకు ఎవరూ పలకకపోతే, తిట్టదలుచుకున్నవాళ్లు చీటీగారినే తిట్టండి, ఆయన కాదనరు. కానీ మీరు కూడా నలభై సెకన్లకే పెట్టేస్తున్నారని ఆయనకు తెలుసు. ఇన్ని నెలలుగా ఇంతమంది ఫోను చేశారు. చివర ఒక ఆడమనిషి ఎవరినో ఏదో అడుగుతోందని ఒక్కరూ, కనీసం ఫిర్యాదుగానైనా, చెప్పలేదు.

మధ్యాహ్నం ఒంటిగంట. ఆ వేళ కార్యాలయంలో ఎవరూ ఫోను ఎత్తరన్నది సూర్యుడు పడమట దిగడమంత ఖాయం. ముగ్గురూ కంచాల ముందు కూర్చున్నారు. చీటీగారు నంబరు కొట్టి, ఫోనును నీళ్ల చెంబుకు ఆనించి మధ్యలో పెట్టారు. భార్య వడ్డించింది. ఏడు గొంతుల హారను గది నిండా తిరిగింది. మూడు నిమిషాల పది సెకన్లకు ముగ్గురి చేతుల్లోనూ ముద్ద ఆగింది. అక్క పాదం ఒక్కటే, పీట పక్కన, నేల మీద కదిలింది.

ఫోనులో గొంతు అడిగింది. నవ్వింది. చీటీగారు సరిపోయిందన్నట్టు తలూపారు.

మళ్లీ తినసాగారు.